దబరాలో దాగిన అఖాతం

పుద్వాపి రేవు మత్స్యకారుల సంఘంలో ఉన్న ఒకే ఒక్క కంప్యూటరు ఆ నెలంతా మెట్లెక్కిన ముసలివాడిలా రొప్పుతూ ఉంది. దాని రొప్పు ఆపినవాడు ఎలియొదోరో బార్రియా. ఆయన బడిలో భౌతికశాస్త్రం చెప్పడం మానేసి చాలా ఏళ్లయినా ఊళ్లో అందరికీ ఇంకా మాస్టారే. రొప్పు ఆపిన తీరును తలచుకొని ఆయన తరువాత ఎంతో సిగ్గుపడ్డాడు. సిగ్గుపడుతూనే, ఆ పనిని ఎంత నేర్పుగా చేశాడో ఒక పక్క మెచ్చుకోకుండానూ ఉండలేకపోయాడు.

రేవు ముందున్న అఖాతాన్ని తనకిమ్మని సాల్మన్ చేపలు పెంచే సంస్థ ఒకటి ప్రభుత్వానికి అర్జీ పెట్టుకుంది. ఇస్తే నీటి మీద ఇనుప పంజరాలు లేస్తాయి. పడవలు చుట్టూ తిరిగి పోవాలి. పంజరాల కింద పేరుకునే మడ్డికి అడుగున తిరిగే చేప పారిపోతుంది. ఇవ్వకుండా ఆపాలంటే, ఆ నీళ్లలో తాము నిజంగానే వేట సాగిస్తున్నామని రేవువాళ్లు రుజువు చూపాలి. అందుకని సంఘం అధ్యక్షురాలు హెర్మిందా ఒయార్సో పడవకొకటి చొప్పున సబ్బుబిళ్లంత జీపీఎస్ పరికరాలు పంచింది. పడవ ఎక్కడుందో అది ఐదు సెకన్లకొకసారి గుర్తుపెట్టుకుంటుంది. ఒడ్డుకు రాగానే ఆ బిందువులన్నీ సంఘం డేటాబేసులో చేరతాయి. ఆ డేటాబేసును కట్టినవాడూ, కాపలా కాసేవాడూ మాస్టారే. శాస్త్రం దాచుకునే వస్తువు కాదని ఆయన నమ్మకం కనుక, సంఘం షెడ్డు గోడకు ఒక పాత టీవీ తగిలించి, పొయ్యి దగ్గర చలి కాచుకునేవాళ్లందరికీ అందరి పడవల దారులూ కనిపించే ఏర్పాటు కూడా చేశాడు. దాన్ని ఎవరూ మెచ్చుకోలేదు, వద్దనీ అనలేదు. మౌనం అర్ధాంగీకారమంటారు, మాస్టారు దాన్ని పూర్ణాంగీకారంగానే లెక్క వేసుకున్నాడు.

ఏడాది తిరిగేసరికి బిందువులు కోట్లకు చేరాయి. పటం తెరవమని మీట నొక్కి, పొయ్యి మీద నీళ్లు పెట్టుకొని, మాతే ఆకు టీ కాచుకొని, అది చల్లారేదాకా తాగినా తెర తెల్లగానే ఉండేది. విచారణకు వచ్చే అధికారి ముందు తెరుచుకోని పటం రుజువెలా అవుతుంది? మాస్టారు ఆలోచించాడు. ఒక గీత మీద వరుసగా మూడు బిందువులుంటే నడిమిది దండగ. కొసలు రెండూ ఉంటే గీత దానంతట అదే నిలుస్తుంది. కనుక గీతకు యాభై మీటర్లకు మించి పక్కకు తొలగని బిందువులన్నిటినీ తీసివెయ్యమని డేటాబేసుకు ఆజ్ఞ ఇచ్చాడు. నూటికి ఒకటో రెండో మిగిలాయి. పటం రెప్పపాటులో తెరుచుకుంది. గీతలన్నీ కత్తిరించి అతికించినంత శుభ్రంగా ఉన్నాయి.

అక్కడితో ఆగి ఉంటే బాగుండేది. కొలిచిన అంకెను ఎన్నడూ చెరపవద్దు, తప్పని తెలిసినా అడ్డంగా ఒక గీత కొట్టి ఉంచండి అని మూడు తరాల పిల్లలకు నూరిపోసిన మనిషి, డిస్కులో చోటు చాలడం లేదని అసలు బిందువులను తుడిచిపెట్టేశాడు. ఇల్లు ఊడ్చుకున్నంత తృప్తితో ఆ రోజు ఇంటికి వెళ్లాడు.

విచారణ రోజు పొద్దుటినుంచీ వాన. రేకుల షెడ్డులో పొయ్యి మండుతోంది. బల్లల మీద తడి ఉన్ని టోపీలు ఆవిరి కక్కుతున్నాయి. జిల్లా కార్యాలయం నుంచి వచ్చిన ప్రిస్కిలా సోతో అనే చిన్నవయసు అధికారిణి పటాన్ని చాలాసేపు చూసింది. పటం అంత త్వరగా తెరుచుకున్నందుకు ఒక మాట అంటుందేమోనని మాస్టారు వేచి చూశాడు.

"ఇవన్నీ దాటిపోయిన గీతలే కదండీ," అంది ఆమె. "రేవులో బయలుదేరారు, అఖాతం దాటారు, తిరిగొచ్చారు. ఎవరూ ఎక్కడా ఆగినట్టే లేదు. ఇది మీ దారి అంటే ఒప్పుకుంటాను. ఇక్కడ వేటాడుతున్నామంటే ఎలా ఒప్పుకోను?"

మాస్టారికి ముందు కోపం వచ్చింది, ఆ వెనుకే చెమట పట్టింది. వేట అంటే ఏమిటి? పడవ నిలబడటం. లంగరు వేసి గంటల తరబడి అదే నీటిలో ఊగటం. ఊగిన ప్రతిసారీ పరికరం ఒక బిందువు పెడుతుంది. ఆ బిందువులన్నీ యాభై మీటర్ల లోపలే పడతాయి. దండగవని తాను తీసేసినవి అవే. చాట పట్టి చెరిగి, గింజలను పెరట్లో పారబోసి, పొట్టును భద్రంగా గాదెలో పోసుకున్నట్టయింది.

ఆయన లేచి నిలబడ్డాడు. తప్పు ఒప్పుకోవడంలో కూడా తరగతి గదిలో పాఠం చెప్పే తీరు పోలేదని ఆయనకే తెలుస్తూ ఉంది, అయినా ఆపుకోలేకపోయాడు. "అమ్మా, ఈ తప్పు రేవుది కాదు, నాది. బిందువులను పలచన చెయ్యబోయి పడవలు నిలిచిన చోట్లన్నీ చెరిపేశాను. వీళ్ల ఏడాది కష్టాన్ని నేను ఒక్క మీటతో తుడిచేశాను. ఈ అఖాతం పోతే దానికి పూర్తి బాధ్యుణ్ని నేనే."

షెడ్డులో తిట్లు లేస్తాయని ఎదురుచూశాడు. తిట్టించుకోవడానికి తగిన ముఖం కూడా పెట్టుకున్నాడు. సగం మంది పొయ్యి వైపు చూశారు, సగం మంది తమ బూట్లు చూసుకున్నారు.

"కూర్చో మాస్టారూ," అంది హెర్మిందా. "సూప్ చల్లారిపోతుంది."

"పోనీలే బావా," అన్నాడు నొలాస్కో మన్సీయా, మాస్టారు బావమరిది. "నువ్వు కావాలని చేశావా ఏంటి?"

ఈ మెత్తదనమే మాస్టారిని కలవరపెట్టింది. మాస్టారు తన పెళ్లినాడు పడవ ఎక్కబోయి తెడ్డు విరగ్గొట్టినందుకు నొలాస్కో ఇప్పటికీ పండగ పండగకీ దెప్పుతాడు. అటువంటివాడు అఖాతాన్ని పోగొడితే పోనీలే అంటాడా?

ప్రిస్కిలా కాగితాలు సర్దుకుంది. "భోజనమయ్యాక మళ్లీ కూర్చుంటాను. ఎంత చేప దిగిందో లెక్క మా దగ్గరే ఉంది, దాని గురించి పేచీ లేదు. ఎక్కడ పట్టారో అదొక్కటి చూపించండి చాలు."

అందరూ సూప్ దగ్గర చేరగానే మాస్టారికి ఒక సంగతి తట్టింది. ఆయన తుడిచింది డేటాబేసును, పరికరాలను కాదు. వాటి పొట్టలో చివరి నెల బిందువులు అలాగే ఉంటాయి. తప్పు చేసిన మనిషికి దిద్దుకునే దారి దొరికితే వయసు గుర్తుండదు. ఆయన వానలో రేవు మెట్లు దిగి నొలాస్కో పడవలోకి దూకాడు. దూకానని ఆయన అనుకున్నాడు గాని, చూసినవాళ్లు జారాడనే చెప్పారు.

పరికరం ఉండవలసిన కొయ్య మీద లేదు. చివరికి సూప్ కాచుకునే అల్యూమినియం దబరాలో, మూత పెట్టి, తాడుతో కట్టి కనిపించింది. మాస్టారు మనసు కరిగింది. వాన తగలకుండా ఎంత శ్రద్ధ తీసుకున్నాడు, ఇన్నాళ్లూ ఈ మనిషిని తక్కువగా అంచనా వేశానే అనుకున్నాడు. పక్క పడవ హెర్మిందాది. అందులోనూ పరికరం దబరాలోనే ఉంది. ఇదీ శ్రద్ధే అనుకున్నాడు. మూడో పడవలో కూడా దబరా మూత తియ్యవలసి వచ్చేసరికి ఆయన తన శ్రద్ధా సిద్ధాంతాన్ని వదులుకున్నాడు.

పరికరాలను కంప్యూటరుకు తగిలించి చూశాడు. రేవు నుంచి చీమల బారులా బిందువులు సాగాయి. అఖాతం నడిమికి వచ్చేసరికి బారు తెగిపోయింది. తొమ్మిదింటికి మాయమైన పడవ మధ్యాహ్నం దాదాపు అదే చోట మళ్లీ తేలింది. ఆ మధ్య ఒక్క బిందువు కూడా లేదు. ఏ పడవ చూసినా అంతే.

ఆయన సూప్ గిన్నెల మధ్యకు వచ్చి నిలబడ్డాడు. టోపీ నుంచి నీళ్లు కారుతున్నాయి.

"నొలాస్కో, మొన్న పొద్దున నీ పడవ నీళ్ల మీద నుంచి మాయమైంది. ఎటుపోయింది?"

"కలూచే ఓడ పట్టుకుపోయుంటుంది బావా."

షెడ్డంతా నవ్వింది. పొగమంచులో దీపాలు వెలిగించుకొని, పాటలు పాడుకుంటూ తిరిగే ఆ దయ్యాల ఓడ లేదని చెప్పడానికే మాస్టారు తన ఉద్యోగకాలంలో సగం ఖర్చుపెట్టాడు.

"అన్ని పడవల్నీ పట్టుకుపోయిందా?"

"పెద్ద ఓడ కదా. చోటుంటుంది."

"ఆ ఓడలో దబరాలు కూడా పంచుతారా?"

నవ్వులు ఆగాయి. చెంచాలు కూడా ఆగాయి. అందరికంటే ముందు మళ్లీ నవ్వింది హెర్మిందా.

"ఇంక చాల్లెండర్రా, దొరికిపోయాం. చూడు మాస్టారూ, నువ్వు గోడకి టీవీ పెట్టావు. నీళ్ల కింద చేపలు మూగే నా బండ ఎక్కడుందో మా మామ పోయేముందు నా చెవిలో చెప్పాడు, కన్నకొడుక్కి కూడా చెప్పలేదు. దాన్ని నీ టీవీకి చెప్పమంటావా?"

"నువ్వు కూడానా హెర్మిందా? పరికరాలు పంచింది నువ్వే కదా!"

"పంచాను. మూత పెట్టాను. పంచితే మూత పెట్టకూడదని సంఘం తీర్మానం చేసిందా?"

"నాకు తెలీకుండా అందరూ కూడబలుక్కున్నారన్నమాట."

"కూడబలుక్కోవడమా?" అన్నాడు నొలాస్కో, నిజంగానే నొచ్చుకొని. "నేనొక్కణ్నే ఈ తెలివి కనిపెట్టాననుకున్నాను. వీళ్లందరూ కాపీ కొట్టార్రా బాబూ."

మాస్టారు బల్ల మీద కూలబడ్డాడు. ముందు గుండె తేలికపడింది: తాను పోగొట్టింది ఏమీ లేదు. దబరా మూత కింద ఉన్న పరికరానికి ఆకాశం కనపడదు, ఆకాశం కనపడని పరికరం బిందువు పెట్టదు. తాను చెరిపింది ఖాళీని. మరుక్షణమే అవమానం కలిగింది. నిండు సభలో అంత ఘనంగా ఒప్పుకున్న తప్పు అసలు జరగనే లేదు. జరగకపోవడానికి కారణం అంతకు ఎన్నో నెలల ముందు, టీవీ తగిలించిన రోజున, తాను చేసిన ఇంకో తప్పు. పాత తప్పు కొత్తదాన్ని కాపాడింది. తన తప్పులకున్న ఐకమత్యం సంఘానికి ఉంటే ఎంత బాగుండేదనుకున్నాడు.

కాని అఖాతం మాత్రం ఇంకా ఖాళీగానే ఉంది. ఎక్కడ వేటాడారో ఇక మనుషుల నోటివెంటే రావాలి. హెర్మిందా ఆ మాటే చెప్పింది. ఎవరూ కదల్లేదు.

"అఖాతం పోయాక ఈ రహస్యాలు ఏం చేసుకుంటారు?" అంది ఆమె. "సాల్మన్ పంజరాల కింద పాతిపెట్టుకుంటారా?"

"ముందు నువ్వు చెప్పు అక్కా," అన్నారెవరో వెనక నుంచి.

హెర్మిందా చెప్పలేదు. రొట్టె తుంచుకొని సూప్‌లో ముంచుకుంది.

అప్పుడు మాస్టారికి బిందువులను పలచన చేసే తన పాత ఆయుధమే మళ్లీ గుర్తొచ్చింది. ఈసారి దాన్ని పిడి వైపు నుంచి పట్టుకున్నాడు. అప్పట్లో తాను వేసుకున్న ప్రశ్న, ఏ బిందువు దండగ అని. వేసుకోవలసిన ప్రశ్న వేరు: ఎవరికి ఎంత తెలిస్తే చాలు? ప్రభుత్వానికి అఖాతం వాడుకలో ఉందని తెలిస్తే చాలు. పక్క పడవవాడికి ఏ బండ అన్నది తెలియకపోతే చాలు. అఖాతం మీద చదరంగం బల్లలా గడులు గీసి, గడిలో ఎన్ని బిందువులున్నా ఆ గడి నిండిందని ఒకే ఒక్క గుర్తు పెడితే? బండ గడిలో కరిగిపోతుంది. గడి మాత్రం నిలుస్తుంది.

ప్రిస్కిలా తిరిగొచ్చి విన్నది. దబరాల సంగతి చెప్పినప్పుడు ఆమె నవ్వు ఆపుకోవడానికి దగ్గింది. "ఎవరికి వారు ప్రమాణం చేసి చెబితే రాసుకుంటాను. పడవ మాయమైన వేళా, దిగిన చేపా సరిపోలుతున్నాయో లేదో నేనే చూస్తాను. గడి ఎంత ఉంటుంది?"

"ఐదు కిలోమీటర్లు," అన్నాడు నొలాస్కో.

"ఐదు కిలోమీటర్లంటే మీ ఊరి చర్చి కూడా అందులోకి వచ్చేస్తుంది. చర్చిలో కాంగ్రియో చేప పట్టారా?"

"ఈస్టరుకి ఒకసారి ప్రయత్నించాంలెండి."

బేరం చాలాసేపు నడిచింది. తన గడి పెద్దదిగానూ ఎదుటివాడి గడి చిన్నదిగానూ ఉండాలన్నదే అందరి వాదనా. చివరికి అందరికీ సమానంగా ఒక కిలోమీటరు దగ్గర ఆగింది. ఆ రాత్రికల్లా గోడ మీది టీవీ తీసేస్తానని మాస్టారు మాట ఇవ్వగానే, ఒక్కొక్కరే వలలు దాచే గదిలోకి రావడం మొదలుపెట్టారు. వచ్చి, తలుపు వేసి, పటం మీద వేలు పెట్టి, మాస్టారు చెవిలో ఊది, బయటికి పోయారు. గడులు ఒక్కటొక్కటే నిండాయి. ఉత్తరం మూలన ఒక్క గడి మాత్రం తెల్లగా మిగిలింది. సంస్థ తన మొదటి పంజరాలు దింపాలనుకుంటున్నది అక్కడేనని అర్జీలోనే ఉంది. నొలాస్కో పడవ రోజూ మాయమయ్యేదీ అటు పోయే దారిలోనే. ఇంకా రావలసినవాడూ అతనొక్కడే.

అతను వచ్చి, తలుపు వేసి, వలల కుప్ప మీద కూర్చున్నాడు. వేలు పెట్టలేదు.

"చెప్పరా. చెవిలో చెప్పు. మీ అక్క మీద ఒట్టు, ఎవరికీ చెప్పను."

"చెప్పడానికేం లేదు బావా."

"అంటే?"

"నా నడుము పోయి రెండేళ్లయింది. తాడు లాగలేను. ఆ మూలన కొండ అడ్డం, గాలి తగలదు. లంగరేసి పడుకుంటాను. వచ్చేటప్పుడు మా చెల్లెలి కొడుకు తన పడవలోంచి నాలుగు చేపలు నా పడవలో వేస్తాడు. ఈ ఊళ్లో నా పేరు తెలుసు కదా నీకు. నొలాస్కో ఎక్కడ గాలం వేస్తే అక్కడ చేప అని. ఆ పేరు కోసం దబరా."

అందరూ చోటు దాచడానికి మూత పెట్టారు. ఇతను చోటు లేకపోవడాన్ని దాచడానికి పెట్టాడు.

"నిండినట్టు పెట్టెయ్యి బావా," అన్నాడు నొలాస్కో తక్కువ గొంతుతో. "ఒక్క గడి. ఎవడికి తెలుస్తుంది?"

మాస్టారు వేలు మీట మీదికి వెళ్లింది. వెళ్లలేదని చెప్పుకోవాలని ఆయనకు తరువాత చాలాసార్లు అనిపించింది గాని, వెళ్లింది. ఎన్నో కోట్ల నిజమైన బిందువులను తుడిచిన వేలికి ఒక్క అబద్ధపు గడి ఏపాటి భారం? కాని లెక్క ఆయనను వదిలిపెట్టదు. చేప దిగిన లెక్క ప్రిస్కిలా దగ్గర ఉంది. మేనమామా మేనల్లుళ్ల చేప ఒకే వేళకు దిగి ఉంటుంది, ఒకే రకమై ఉంటుంది, ఒకరిది తగ్గిన రోజున ఇంకొకరిది పెరిగి ఉంటుంది. ఆమె సరిచూస్తానని చెప్పనే చెప్పింది. ఒక్క గడి అబద్ధమని తేలితే మిగతా గడులను నమ్మడానికి ఆమెకు కారణం మిగలదు. హెర్మిందా మామ బండ కూడా కట్టుకథ అయిపోతుంది.

"పెట్టలేనురా," అన్నాడు. "పెడితే అంతా పోతుంది."

నొలాస్కో కొంతసేపు వలలోని ముడి ఒకటి విప్పుతూ కూర్చున్నాడు. "బయట ఏమని చెబుతావు?"

"నువ్వు చెప్పలేదని చెబుతాను. అది నిజమే. చోటు ఏదీ నువ్వు చెప్పలేదు."

అలాగే చెప్పాడు. ప్రిస్కిలా ఉత్తరం మూలను వదిలి, మిగతా అఖాతమంతా వాడుకలో ఉందని రాసుకుంది. వసంతం నాటికి తీర్పు వచ్చింది: అఖాతం రేవుకే ఉంచారు, ఆ ఒక్క మూల సంస్థకు ఇచ్చారు. ఇప్పుడు అక్కడ పంజరాలు తేలుతున్నాయి. పడవలు ఆ మూలను చుట్టి పోతున్నాయి. ఆ మూల పోయినందుకు ఊరు నొలాస్కోను వెలివేస్తుందని మాస్టారు భయపడ్డాడు. ఊరి గురించి ఆయన వేసుకున్న లెక్కల్లో అది కూడా తప్పింది.

ప్రభుత్వం అడిగినా, సంఘం అడిగినా, సొంత బావ అడిగినా నోరు విప్పలేదంటే అది ఎంతటి చోటై ఉండాలి? పోగొట్టుకోనైనా పోగొట్టుకున్నాడు గాని చెప్పాడా? మనమైతే కిలోమీటరు గడికే లొంగిపోయాం. ఇలా అనుకొని, పొయ్యికి దగ్గరగా ఉండే కుర్చీని ఊరు నొలాస్కోకు వదిలేసింది. అతని నడుముకు ఆ వేడి బాగా పట్టింది. ఆ చోటులో దొరికిన చేపల పొడవు నెలనెలా పెరుగుతూ వచ్చింది. జీవితమంతా రుజువు లేని మాట నమ్మవద్దని ఊరిని విసిగించిన ఎలియొదోరో బార్రియా, ఊళ్లో తన కళ్లముందు పుట్టి పెరుగుతున్న ఈ కొత్త నమ్మకాన్ని పక్క కుర్చీలో కూర్చొని, నోరు మూసుకొని కాపాడుతున్నాడు.

మొన్న ఒక వాన సాయంత్రం హెర్మిందా ఉండబట్టలేకపోయింది. "మాస్టారూ, ఆ రోజు గదిలో నీకు ఏదో ఒకటి అనే ఉంటాడు. బండ వద్దు, గడి వద్దు. ఎలా ఉంటుందో ఒక్క ముక్క చెప్పు, చాలు."

షెడ్డంతా మాస్టారు వైపు తిరిగింది. నొలాస్కో సూప్ గిన్నెలోకి తలవంచాడు. అబద్ధం చెప్పడం మాస్టారికి చేతకాదు. చేతనైన నిజాల్లో ఏది తక్కువ ప్రమాదమో ఆయన కాసేపు వెతుక్కున్నాడు.

"చాలా ప్రశాంతంగా ఉంటుందన్నాడు," అన్నాడు చివరికి. "గాలి తగలదట."

హెర్మిందా వెనక్కి వాలి, తల మెల్లగా ఆడించింది.

"గాలి తగలదంటే లోతెక్కువ," అంది పక్కవాళ్లతో. "నేను అప్పుడే అనుకున్నాను."